నాలుగో అంతస్తు నుంచి దిగే సబ్బు

మా దండాసి మావ మనుషుల ముఖాలు చూడడు, చేతులు చూస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఎదురింట్లో ఉంటున్న జోగి వీధిలో నమస్కారం పెడితే ఎవరో అనుకుని వెళ్ళిపోతాడు. అదే జోగి బస్సులో వెనక నిలబడి పైకమ్మీ పట్టుకుంటే, ఆ చెయ్యి చూసి, "ఏటి జోగీ, గోళ్ళు తియ్యనేదేటి?" అని పలకరిస్తాడు. మా గడప తొక్కినవాళ్ళని ఆయన "బాగున్నారా" అని అడగడం నేను పుట్టాక వినలేదు. ఆయన అడిగేది ఒకటే మాట: "సేతులు సూపించండి."

రంగూన్‌లో లమ్మడాలో, లిఫ్టు లేని పాత బిల్డింగులో నాలుగో అంతస్తు మాది. ఇక్కడ ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. పై కొసకి గంట, కింది కొసకి క్లిప్పు. పేపరువాడు కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది, క్లిప్పుకి పేపరు తగిలిస్తే పైకి లాక్కుంటాం. ఊళ్ళో అందరి తాళ్ళ మీదా సరుకు పైకి వెళ్తుంది. మా తాడు మీద ముందు సబ్బు కిందికి దిగుతుంది. చుట్టాలొచ్చి గంట మోగించగానే మావ చిన్న సంచిలో సబ్బుబిళ్ళ పెట్టి దించుతాడు. వాళ్ళు కింద టీకొట్టు కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, సబ్బు మళ్ళీ సంచిలో పెట్టి, అప్పుడు మెట్లెక్కాలి. ఎక్కి వచ్చాక గుమ్మంలో మళ్ళీ తనిఖీ ఉంటుంది.

"మెట్ల కమ్మీ అట్టుకున్నారా?"

"నాలుగంతస్తులండీ, అట్టుకోకపోతే ఎలగ?"

"అయితే మళ్ళీ కడగండి."

మావ మా అమ్మకి అన్న. ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్ళపైన ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే మా అమ్మమ్మ లక్ష్మీనరసమ్మ ఒకే కథ చెబుతుంది. తాకేటాలో పెళ్ళిచూపులకి వెళ్తే, పిల్ల కాఫీ తెచ్చి ముందు నిలబడిందట. మావ తల ఎత్తలేదు. ఎంత సిగ్గరి పిల్లాడో అని ఆడపెళ్ళివారు మురిసిపోయారు. "పిల్లని సూడరా" అని అమ్మమ్మ మోచేత్తో పొడిచింది. "సూసేనమ్మా. కుడి బొటనేలు గోరు కింద పిండుంది" అన్నాడట మావ. ఆ కాఫీ ఆయన తాగలేదు, ఆ సంబంధం వాళ్ళు ఇవ్వలేదు.

మా బిల్డింగులో బర్మావాళ్ళు మాత్రం ఆయన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. మూడో అంతస్తులో ఉండే డో తాన్ మ్యింట్ ఒకరోజు మాకు చేపపులుసు సేమ్యాల మోహింగా గిన్నె ఇవ్వడానికి పైకి వచ్చింది. మావ ఆమె రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసి, పెదవి విరిచి, "సబ్బుతో ఏడుసార్లు కడుగు" అని బర్మాలో చెప్పాడు. ఆ వారమే ఆమె కొడుకుకి ఉద్యోగం వచ్చింది. ఇక్కడ గ్రహాలు బాగోకపోతే జోస్యుడు చెప్పిన శాంతి ఏదో ఒకటి చేస్తారు, దాన్ని యదయా అంటారు. నాలుగో అంతస్తు కళామనిషి, అంటే ఇండియావాడు, చెయ్యి చూసి సబ్బు యదయా చెబుతాడని వీధంతా తెలిసిపోయింది. ఆదివారాలు మెట్ల మీద కొబ్బరికాయలూ అరటిపళ్ళూ పట్టుకుని జనం కూర్చునేవాళ్ళు.

"దండాసి గారూ, మా అమ్మాయికి పెళ్ళియోగం ఎప్పుడుంది?"

"సేతికి మసుంది. కడుగు."

"ఎన్నిసార్లు కడగమంటారు?"

"పోయేదాకా."

ఎంత లోతుగా చెప్పాడో అని చేతులు జోడించి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంటికి అన్ని అరటిపళ్ళు ఎందుకొస్తున్నాయో మావకి చాలాకాలం తెలియలేదు. వచ్చినవాటిని మాత్రం సబ్బుతో కడిగి ఆరబెట్టేవాడు. ఆ తరవాత ఆ రోగం వచ్చి లోకమంతా చేతులు కడగడం మొదలుపెట్టిన రెండేళ్ళూ మావకి పండగే. "ఇప్పుడు తెలిసిందా?" అని రేడియోతో మాట్లాడేవాడు.

ఇంకొక్క అలవాటుంది. ఎవరినైనా ముట్టుకునే ముందు, పసిపిల్లనైనా పిల్లినైనా, తన రెండు అరచేతులూ ఒకసారి తిప్పి చూసుకుంటాడు. "మావ సొంత జాతకం చూసుకుంటున్నాడు" అని మేం నవ్వేవాళ్ళం.

ఇక నా సంగతి. నా పేరు హైమ. ఏడో ఏట కళ్ళద్దాలొచ్చాయి, ఏటా పవరు పెరుగుతూ వచ్చింది. పదమూడేళ్ళకి కళ్ళద్దాలు తీస్తే మా అమ్మ ఎవరో డో తాన్ మ్యింట్ ఎవరో తెలిసేది కాదు. అప్పుడు కళ్ళ డాక్టరమ్మ ఒక కొత్త సంగతి చెప్పింది. రాత్రి పెట్టుకుని పడుకుని, పొద్దున్నే తీసేసే గట్టి లెన్సులున్నాయి. నిద్రలో అవి కంటి ముందుపొరని, కార్నియాని, కొద్దిగా చదును చేస్తాయి. పగలంతా కళ్ళద్దాలు లేకుండా చూడొచ్చు. నా వయసు పిల్లల్లో పవరు పెరగడం కూడా నెమ్మదించవచ్చు. వాడడం మానేస్తే కొన్నాళ్ళకి కన్ను పాత ఆకారానికి వచ్చేస్తుంది.

"ఎక్కువమందికి ఏమీ కాదు," అంది డాక్టరమ్మ. "కానీ రాత్రంతా మూసిన కంట్లో లెన్సు కింద క్రిమి చిక్కుకుంటే కార్నియా మీద పుండు పడొచ్చు. అశ్రద్ధ చేస్తే చూపే పోవచ్చు. చేతులు శుభ్రంగా ఉండాలి, పొడిగా ఉండాలి. నీళ్ళు అస్సలు తగలకూడదు. పిల్ల ఒక్కర్తే చేసుకోలేదు. ఇంట్లో జాగ్రత్తగా చూసేవాళ్ళు ఉన్నారా?"

అమ్మ నా వైపు చూసింది. నేను మావ వైపు చూశాను. మావ డాక్టరమ్మ చేతులు చూస్తున్నాడు.

"ఉన్నారు," అన్నాడు. "మీ గోళ్ళు సాలా బాగున్నాయమ్మా."

ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనాలయ్యాక ఒక చిన్న వర్క్‌షాపు తెరిచేవారు. మావ పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, నూలుపోగు రాలని తువ్వాలు భుజాన వేసుకుని, పక్కన నిలబడేవాడు. కరెంటు పోతే బ్యాటరీ దీపం పట్టుకునేవాడు.

"సబ్బు. గోళ్ళ కింద. ఏళ్ళ సందులు. కడుగు. ఇప్పుడు తుడుసుకో. తడి ఉంది, మళ్ళీ తుడు."

"మావా, తోలు ఊడిపోతోంది."

"తోలు మళ్ళీ వస్తాది. కన్ను రాదు."

పగలు లెన్సులు నానబెట్టిన మందుని పారబోసి డబ్బా రోజూ కొత్తగా నింపాల్సిందే, పాతదాని మీద కాస్త పోస్తే ఒప్పుకునేవాడు కాదు. చెంపలకి తనఖా చెక్క గంధం రాసుకుని ఉంటే ముందు ముఖం కడిగించేవాడు. లెన్సుల డబ్బా కూడా కొన్నాళ్ళకోసారి మార్చేయాలి. పాత డబ్బాలు అమ్మమ్మ పోపులపెట్టెలో చేరి లవంగాలకీ యాలకులకీ కాపురాలయ్యాయి.

అన్నిటికన్నా పెద్ద చట్టం ఎర్రగుడ్డ. "మా షాపులో రైలుపెట్టె కింద మనిషి దూరి పని సేస్తంటే పెట్టెకి ఎర్రగుడ్డ కడతాం," అని చెప్పేవాడు మావ. "ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా ఆ పెట్టె కదపకూడదు. కట్టినోడే ఇప్పాలి." నాకు జలుబు చేసినా, కన్ను కాస్త ఎర్రబడిందని అమ్మ చెప్పినా లెన్సుల డబ్బాకి ఎర్రగుడ్డ పడేది. ఆ రాత్రికి లెన్సులు లేవు. మర్నాడు మావ విప్పితేనే ఉన్నాయి.

ఏడాది హాయిగా గడిచింది. మొదటి వారంలోనే ఒక పొద్దున బాల్కనీలో నిలబడి వీధి చివర బస్సు నంబరు చదివాను. సంతోషం పట్టలేక ఆ వీధిలో ఎన్ని బోర్డులున్నాయో అన్నీ గట్టిగా చదివేశాను. మావ వెనక నిలబడి, "సాల్లే గుంటా, గొంతు పోతాది" అన్నాడు గానీ, తనే ఇంకో బోర్డు వైపు వేలు చూపించాడు.

ఆ ఏడు దసరాకి మా తెలుగు సంఘం హాల్లో వేసే నాటకంలో నాకు దుర్గమ్మ వేషం ఇచ్చారు. అంతకుముందు నాలుగేళ్ళు నన్ను తెర లాగడానికి మాత్రమే పిలిచారు, ఎందుకంటే అమ్మవారికి కళ్ళద్దాలుండవు. కళ్ళద్దాలు తీసేసి త్రిశూలం పట్టుకుంటే అది మహిషాసురుడికి తగులుతుందో, పక్కనున్న బ్రహ్మదేవుడికి తగులుతుందో చెప్పలేం. ఇప్పుడు నాకు అన్నీ కనబడుతున్నాయి. నేను ఇంట్లో చీపురు పట్టుకుని కూడా త్రిశూలమనుకుని తిరిగేదాన్ని.

దసరా ఆరు వారాలుందనగా నా ఎడమ కంట్లో ఇసక పడ్డట్టు మొదలైంది. కిటికీ వెలుతురు చూస్తే గుచ్చినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎర్రగుడ్డ పడుతుంది, ఎర్రగుడ్డ పడితే వేషం పోతుంది. మావ ఎలాగూ ముఖం చూడడు కదా అని నా ధైర్యం. అమ్మ అడిగితే ఉల్లిపాయలన్నాను. అదే కంట్లో ఇంకో రెండు రాత్రులు లెన్సు పెట్టుకున్నాను. ఆ తెలివితక్కువతనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

మూడో రోజు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి గుమ్మంలో చేతులు చాపాను. మావ చూశాడు. కుడి చెయ్యి దాటేశాడు. ఎడమ చెయ్యి దగ్గర ఆగాడు. చూపుడువేలు కణుపు మీద కాటుక మరక, దాని చుట్టూ తడి.

అప్పుడు మా దండాసి మావ తల ఎత్తి నా ముఖం చూశాడు. నాకు తెలిసి అదే మొదటిసారి.

"ఎన్నాళ్ళయింది?"

"ఏటి మావా?"

"కన్ను నలపడం."

"మూడ్రోజులు."

ఆయన కేకలెయ్యలేదు. లోపలికి వెళ్ళి లెన్సుల డబ్బాకి ఎర్రగుడ్డ కట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు సబ్బు తప్ప ఏటి తెలుసు మావా! నా ఏషం పోతాది!" అని అరిచాను. "పోనీ" అన్నాడు మావ. లెన్సులూ డబ్బా మందుసీసా మొత్తం సంచిలో వేసుకుని, నన్ను టాక్సీ ఎక్కించాడు. అమ్మ వచ్చింది. అమ్మమ్మ కూడా జపమాలతో ఎక్కేసింది.

డాక్టరమ్మ కంట్లో రంగుమందు వేసి నీలం దీపంతో చాలాసేపు చూసింది. "కార్నియా అంచున పుండు మొదలైంది," అంది. "సరైన సమయానికి తెచ్చారు. ఇంకో రెండు రోజులు దాచి ఉంటే మధ్యకి పాకేది, చూపు దక్కేదో లేదో నేను చెప్పలేకపోయేదాన్ని. లెన్సుకి నీళ్ళేమైనా తగిలాయా?"

"తగలవు," అన్నాడు మావ. "నేను దగ్గరుండి సూస్తాను. నీళ్ళు సుక్క తగలనివ్వను."

"నీళ్ళు కాదమ్మా," అంది మూలనుంచి అమ్మమ్మ. "తీర్తమే."

గదిలో అందరం అటు తిరిగాం.

"పైడితల్లి అమ్మోరి తీర్తం. గుంట అమ్మోరి ఏషం కడతంది గదా, కళ్ళు సల్లగుంటాయని రోజూ పొద్దుటేల ఆ డబ్బాలో ఒక్కో సుక్క ఏసేను. సేతులు కడుక్కునే ఏసేను! ఈడికి సూపించే ఏసేను!"

నిజమే. అమ్మమ్మ రోజూ పొద్దున పూజకి ముందు చేతులు చూపించేది, మావ బాగున్నాయని పంపించేవాడు. మా ఇంట్లో ఆవిడ చేతులంత శుభ్రమైనవి లేవు. ఆ చేతుల్లో ఏముందో ఎవరూ చూడలేదు.

డాక్టరమ్మ మంచిది, నవ్వలేదు, తిట్టలేదు. "అమ్మా, మీరు ప్రేమతో వేశారు. కానీ గుడి నీళ్ళయినా కుళాయి నీళ్ళయినా అందులో కంటికి కనబడని క్రిములుంటాయి. ఈ లెన్సులకి ఏ నీళ్ళూ పనికిరావు," అని చెప్పి, గంటకోసారి వెయ్యమని చుక్కల మందు ఇచ్చింది. మూడు నెలలు లెన్సుల మాట ఎత్తొద్దంది.

రెండు రోజులు రాత్రీ పగలూ మావ అలారం గడియారం పట్టుకుని కూర్చున్నాడు. గంట కొట్టగానే సబ్బుతో చేతులు కడుక్కుని, అరచేతులు తిప్పి చూసుకుని, నా కంట్లో చుక్క వేసేవాడు. తెరవలేకపోయిన కన్ను మూడో రోజుకి కాస్త తెరుచుకుంది. నేను తేరుకున్నాను గానీ అమ్మమ్మ ఇంకా తేరుకోలేదు. దేవుడి అర ముందు గోడకి ఆనుకుని, చేతులు రెండూ కొంగు కింద దాచేసుకుని కూర్చుంది. అన్నం ముట్టలేదు.

మావ వెళ్ళి ఆవిడ ఎదురుగా చతికిలబడ్డాడు. "అమ్మా, సేతులు సూపించు."

"సూపించను. గుంట కన్ను తీసీబోయిన సేతులు. ఒగ్గేరా."

"అయితే నాయి సూడు," అని తన చేతులు చాపాడు. "మన సెల్లి బేబీ పుట్టినేడు నాకు పద్దెనిమిదేళ్ళు. షాపులో కొత్తగా సేరేను. ఓ సాయంత్రం వచ్చీసరికి కుళాయిలో నీళ్ళు నేవు. సెల్లి ఉయ్యాల్లో నవ్వుతంది. ఆగలేకపోయేను. గ్రీజు సేతులు లుంగీకి రాసేసి ఎత్తుకున్నాను. నా ఏలు దాని కంట్లో తగిలింది."

అమ్మ వంటగదిలోంచి గరిట పట్టుకునే వచ్చి నిలబడింది. అమ్మ ఎడమ కంట్లో, అంచున, ఆవగింజంత తెల్లమచ్చ ఉంటుంది. చూపుకేమీ అడ్డం లేదు. చిన్నప్పుడు తాకేటా నుంచి చూడ్డానికొచ్చిన సూరమ్మ దిష్టి తగిలి కన్ను పుసికట్టి వారం రోజులు తెరవలేదని, ఆ మచ్చ అప్పటిదని మాకు చెప్పేవాళ్ళు.

"దిష్టన్నారు అందరూ. నేను నోరిప్పనేదు. ఆ రోజుకాడ నుంచి ముందు నా సేతులు సూసుకుంటాను, తరవాత ఊళ్ళోవాళ్ళయి సూస్తాను. ఇంకే పిల్ల కంట్లోనూ అలగ పడకూడదని. నలభయ్యేళ్ళు సూసి సూసి, ఇంట్లో తీర్తం సూడనేకపోయేను. తప్పు నీ ఒక్కర్తిదే కాదమ్మా, నాది కూడా."

అమ్మమ్మ కొంగు కింది నుంచి చేతులు తీసింది. కొడుకు చేతులు పట్టుకుని చాలాసేపు చూసింది. నలభై ఏళ్ళుగా ఇంటిల్లిపాదీ నవ్వుకున్న పిచ్చి ఇదన్నమాట. నాకు మావని పట్టుకుని ఏడవాలనిపించింది. అంతలో అమ్మమ్మ ముఖం హఠాత్తుగా మారిపోయింది.

"ఉండరా. అయితే తాకేటా సూరమ్మది దిష్టి కాదా?"

"కాదమ్మా. పాపం, ఆవిడేటీ సెయ్యనేదు."

"ఓరి నీ దుంప తెగ! నలభయ్యేళ్ళు దాన్ని తిట్టేన్రా! దాని కూతురు పెళ్ళికి కూడా ఎల్లనేదురా!"

మొదట అమ్మ నవ్వింది, తరవాత నేను, కన్ను నొప్పెడుతున్నా ఆపుకోలేకపోయాను. ఆ సాయంత్రం అమ్మమ్మ అన్నం తింది. మర్నాడు అరిసెల డబ్బా పట్టుకుని తాకేటా బస్సెక్కింది. సూరమ్మ గుమ్మంలో ఆవిడ మొదట చేసిన పని చేతులు చూపించడమేనట.

కన్ను నెమ్మదించింది, కానీ కళ్ళద్దాలు తిరిగి వచ్చాయి. సంఘం పెద్ద శంకరరావు గారు స్వయంగా ఇంటికి వచ్చారు. కింద సబ్బు అందుకుని, కడుక్కునే వచ్చారు.

"అమ్మోరికి కళ్ళద్దాలేటి దండాసీ? జనం నవ్వరా? ఈ ఏడు ఇంకో పిల్లకిద్దాం."

"గుంటకి ఏషం ఉంచండి," అన్నాడు మావ. "నవ్వుల సంగతి నాకు ఒగ్గేయండి."

"ఏటి సేస్తావు?"

"మీ సేతులు బాగున్నాయి శంకర్రావుగారూ. ఎల్లిరండి."

అది ఆయన ఇచ్చే అతి పెద్ద మర్యాద. దాని ముందు ఎవరూ ఇంకో మాట మాట్లాడలేరు. ఆ తరవాత నెల రోజులు మావ తన పాత పట్టకారుతో బాల్కనీలో ఏదో వంచుతూ కూర్చునేవాడు. అడిగితే చెప్పేవాడు కాదు.

నాటకం రోజు తెర లేచింది. నేను కళ్ళద్దాలతో, త్రిశూలంతో నిలబడ్డాను. నవ్వుతారని ఎదురుచూశాను. ఎవరూ నవ్వలేదు. పక్కకి తిరిగి చూసి ఆశ్చర్యపోయాను. నా ఎదురుగా మహిషాసురుడు కృష్ణకుమార్ కొమ్ముల కింద రాగితీగ కళ్ళద్దాలు పెట్టుకుని గర్జిస్తున్నాడు. నా సింహానికి మెడచుట్టూ దారంతో కట్టిన కళ్ళద్దాలున్నాయి. వెనక వరసలో ఎనిమిదిమంది దేవతలకీ ఉన్నాయి. మొత్తం పది జతలు, అద్దాలు లేని ఉత్త తీగలు, పెట్టే ముందు అందరిచేతా చేతులు కడిగించాడట. కళ్ళద్దాలు లేనివాళ్ళెవరూ ఆ స్టేజి మీద లేరు.

ముందు వరసలో ముసలమ్మలు తమ కళ్ళద్దాలు సర్దుకుని చప్పట్లు కొట్టారు. "ఇది ఏ గ్రహానికి యదయా?" అని డో తాన్ మ్యింట్ మా అమ్మని భక్తిగా అడిగింది. త్రిశూలం సరిగ్గా కృష్ణకుమార్‌కే తగిలింది. హాలు చివరి దాకా నాకు అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. చివరి వరసలో మావ కూర్చున్నాడు. అందరూ అమ్మవారి ముఖం చూస్తుంటే, ఆయన త్రిశూలం పట్టుకున్న నా చేతులు చూసి మురిసిపోతున్నాడు.

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ సరేనంది. ఎర్రగుడ్డ మావే విప్పాడు. నా ఎడమ కంట్లోనూ అంచున చిన్న మచ్చ మిగిలింది, అమ్మకి ఉన్నచోటే. ఇప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, లెన్సులు నేనే చూసుకుంటాను. కన్ను కాస్త ఎర్రబడితే గుడ్డ కూడా నేనే కడతాను. మావ మాత్రం రోజూ గుమ్మంలో నిలబడతాడు.

"సేతులు సూపించు."

"ముందు నీవి సూపించు మావా."

ఆయన బుద్ధిగా రెండు చేతులూ చాపుతాడు. అరిగిపోయిన వేళ్ళు, గ్రీజు నలుపు ఎప్పటికీ వదలని గీతలు. నేను డో తాన్ మ్యింట్ లాగా కళ్ళు పెద్దవి చేసి ఆ గీతలు చదువుతాను.

"ఏటి రాసుందే?" అంటాడు మావ ఆత్రంగా.

"సబ్బయిపోయింది, తేవాలని రాసుంది."

"నిజమేనే!" అని ఆశ్చర్యపోయి, ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగుతాడు, కమ్మీ పట్టుకోకుండా.